దూడ, కోడె, ఆబోతు: నాయికా నాయక భేదాల పుట్టుపూర్వోత్తరాలు

కథలోని మనుషులను కోవలుగా విడదీసి చూసే పద్ధతి సంస్కృత సాహిత్యంలో మొదట నటుల అవసరం కోసం ఏర్పడింది; ఏ పాత్ర ఎలా నడవాలో, ఎలా అలగాలో, ఏ స్థితిలో నగలు మానుకోవాలో తెలియనిదే అభినయం సాగదు. భరతుడి నాట్యశాస్త్రం నాయకులను ధీరోదాత్త, ధీరలలిత, ధీరశాంత, ధీరోద్ధతులని నాలుగు విధాలుగానూ, ప్రియుడితో పొత్తు ఏ స్థితిలో ఉందన్నదాన్ని బట్టి నాయికలను ఎనిమిది విధాలుగానూ చెప్పింది. ప్రియుడు వస్తాడని ఇల్లూ ఒళ్ళూ సింగారించుకొనే వాసకసజ్జిక, వేరొకతె గుర్తులతో తెల్లవారి వచ్చినవాణ్ణి చూసి మండిపడే ఖండిత, బతిమాలినవాణ్ణి వెళ్ళగొట్టి ఆనక కుమిలిపోయే కలహాంతరిత ఆ ఎనిమిదిలోనివారే. నిజానికి వీరిని ఎనిమిదిమంది అనడం కూడా పొరపాటే, ఎందుకంటే మునిమాపున వాసకసజ్జికగా ఉన్న స్త్రీయే తెల్లవారేసరికి ఖండిత, పొద్దెక్కేసరికి కలహాంతరిత కావచ్చు.

నాయకుల విషయంలో ఈ సంగతిని తేటపరచినవాడు ధనికుడు. 10వ శతాబ్ది చివర మాళవరాజు ముంజుడి కాలంలో ధనంజయుడు రచించిన దశరూపకానికి అవలోకమనే వ్యాఖ్య రాస్తూ ఆయన, ధీరోదాత్తాది శబ్దాలు తెలిపేది అవస్థలనే గాని జాతులను కాదని, దూడ, కోడె, ఆబోతు అనే పేర్లు ఒకే పశువుకు వర్తించినట్లే ఇవీ ఒకే వ్యక్తికి వర్తిస్తాయని అన్నాడు. ఆయన చూపిన ఉదాహరణ పరశురాముడు: రావణుడి పట్ల ఉదాత్తుడు, రాముడి ఎదుట మొదట ఉద్ధతుడు, తర్వాత శాంతుడు. అయితే ప్రధాన నాయకుడు మాత్రం ఒక కృతిలో మొదటినుంచి చివరిదాకా ఒకే తీరున ఉండాలన్నాడు. శాస్త్రం ఇక్కడ కాస్త జంకినట్లే కనబడుతుంది.

తర్వాతివారికి లెక్కల మీద మోజు పెరిగింది. భానుదత్తుడి రసమంజరిలో స్వీయ, అంటే పెళ్ళాడిన భార్య, 13 విధాలు. పరకీయ, అంటే అన్యుల అధీనంలో ఉన్న స్త్రీ, 2. సామాన్య, అంటే వేశ్య, 1. ఈ 16ను ఎనిమిది అవస్థలతోనూ, ఆపైన ఉత్తమ, మధ్యమ, అధమ భేదాలతోనూ హెచ్చిస్తే 384 తేలుతుంది. దివ్య, అదివ్య, దివ్యాదివ్య అనే మరో మూడింటితో దానిని 1152కు పెంచాలన్నవారి మాటను ఆయన తోసిపుచ్చాడు. భేదానికి ఆధారం అవస్థే తప్ప జాతి కాదన్నది ఆయన సమాధానం.

తెలుగునాట ఈ శాస్త్రం రాజాస్థానం మీదుగా సాగింది. ఓరుగల్లులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో లక్షణాలకు ఉదాహరణలుగా తన ప్రభువును కీర్తించే శ్లోకాలనే కూర్చగా, 16వ శతాబ్దిలో భట్టుమూర్తి నరసభూపాలీయంలో ఆ బాటనే తెలుగు పద్యంలో పట్టాడు. స్తోత్రం పెరిగినచోట పరిశీలన కొంత పలచబడింది. గోలకొండలో తానీషా కాలంనాటి అక్బర్ షా పేర వెలసిన శృంగారమంజరి తీరు వేరు: రసమంజరినీ, దాని వ్యాఖ్యయైన ఆమోదాన్నీ ఎదుట పెట్టుకొని ఒక్కొక్క నాయికా లక్షణాన్ని తర్కించే ఆ గ్రంథం తెలుగులో పుట్టి, తర్వాత సంస్కృతంలోకి వెళ్ళింది. వి. రాఘవన్ పరిష్కరించిన ఆ సంస్కృత పాఠం 1951లో హైదరాబాదులో అచ్చయింది.