ఆకాశంలో జాతర

స్కౌటు ఉద్యమ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకర్షించిన ఘట్టం శిబిరాలదీ కాదు, కవాతులదీ కాదు. రేడియోది. ఎందుకో చెబుతాను.

బేడెన్ పవెల్ 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం నడిపాడు. మరుసటి ఏడు ఆయన వెలువరించిన పుస్తకంలోని స్కౌటు నియమాలలో నాలుగవది, స్కౌటు అందరికీ మిత్రుడనీ తక్కిన స్కౌటులందరికీ సోదరుడనీ చెబుతుంది. ఎంతో సొంపైన మాట. కాని సముద్రం ఆవలి సోదరుణ్ణి పలకరించాలంటే ఓడ టిక్కెట్టు కొనాలి. 1920లో లండన్‌లో మొదలైన ప్రపంచ జాంబోరీలు, అంటే స్కౌటుల జాతరలు, సాధారణంగా నాలుగేళ్ళకోసారి జరిగేవి. వాటికి వెళ్ళగలిగినవారు కొందరే. మిగిలిన లక్షలాది బాలురకు సౌభ్రాతృత్వం ప్రమాణంలో పలికే మాటగానే మిగిలిపోయింది.

అదే కాలంలో మరొక సోదర సంఘం పెరుగుతూ వచ్చింది. వారే ఔత్సాహిక రేడియోవారు, వాడుక మాటలో హామ్‌లు. పరీక్ష రాసి, ప్రభుత్వ అనుమతి పొంది, ఇంట్లోనే ప్రసారిణి అమర్చుకొని ఖండాంతరాలకు మాట్లాడేవారు. వ్యాపారం నిషిద్ధం, ప్రతిఫలం లేదు. ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. అక్షరాలూ అంకెలూ కలిసిన సంకేతనామమే వారి చిరునామా. వీడ్కోలు వేళ పలికే 73 అన్న అంకె వారి నమస్కారం. మాట కలిసిందనడానికి రుజువుగా టపాలో వచ్చే క్యూఎస్ఎల్ కార్డులు వారి ఆస్తి. వీరికి కలుసుకునే దారి ఉంది కాని, ఆ విద్యను అందుకునే పిల్లలు కావాలి. స్కౌటులకు పిల్లలున్నారు కాని, కలుసుకునే దారి లేదు.

ఈ రెండు లోపాలూ ఒకచోట ఎదురుపడిన సంవత్సరం 1957. ఉద్యమానికి యాభయ్యేళ్ళు, స్థాపకునికి నూరేళ్ళు నిండిన సందర్భంగా ఇంగ్లండులోని సటన్ పార్కులో తొమ్మిదవ ప్రపంచ జాంబోరీ జరిగింది. ముప్పై వేలకు పైగా స్కౌటులు చేరారు. అక్కడ ఒక రేడియో కేంద్రమూ వెలిసింది. స్కౌటులై ఉండి హామ్‌లు కూడా అయినవారు దాని చుట్టూ చేరారు. విడిపోయే ముందు, మళ్ళీ ఆకాశంలో కలుద్దామని అనుకున్నారు. ఆ ఆలోచనకు రూపమిచ్చినవాడు లెస్ మిచెల్. ఆయన సంకేతనామం జీ3బీహెచ్‌కే. 1958 మే నెలలో ఒక వారాంతాన తొలి ‘జాంబోరీ ఆన్ ది ఎయిర్’ జరిగింది. తరువాత అది అక్టోబరు మాసానికి మారి స్థిరపడింది.

ముహూర్తం ఎంత చక్కగా కుదిరిందో చూడండి. హ్రస్వతరంగాలు దూరదేశాలు చేరాలంటే పైనున్న అయనోవరణం వాటిని తిరిగి నేలకు వంచాలి. ఆ శక్తి సూర్యుని మీది మచ్చలతో పాటు హెచ్చుతగ్గులవుతుంది. 1957–58 నాటి సౌరచక్రపు ఉచ్చస్థితి, ఇప్పటిదాకా నమోదైన వాటన్నిటిలోకీ గొప్పది. 1957 అక్టోబరు 4న ఎగిరిన స్పుత్నిక్ బీప్ శబ్దాలను ప్రపంచమంతటా హామ్‌లు తమ గ్రాహకాలలో విన్నారు. ఆకాశం వైపు చెవి ఒగ్గిన ఆ రోజులలోనే స్కౌటుల జాతర కూడా ఆకాశానికెక్కింది.

నన్ను కదిలించే సంగతి మరొకటుంది. ఈ జాతరకు కేంద్రాలు నడిపేవారిలో చాలామంది స్కౌటులు కారు, ఊరి హామ్‌లు. సొంత యంత్రాలను, వారాంతపు విశ్రాంతిని ఎవరి పిల్లలకో అప్పగిస్తారు. ‘సీక్యూ జాంబోరీ’ అని పిలిచి, బదులు కోసం చెవులు రిక్కిస్తారు. అయితే అనుమతిపత్రం లేనివారు మైకులో మాట్లాడరాదన్నది అనేక దేశాలలో కఠిన నిబంధన. అటువంటి చోట కుర్రవాడు గంటల తరబడి కూర్చొని, తన పేరును మరొకరి నోట దూరదేశానికి పంపవలసి వచ్చేది. తనంతట తాను పలకాలంటే చదివి పరీక్ష నెగ్గాలి. ఆ నిశ్శబ్దమే ఎందరినో మోర్స్ సంకేతాల వైపు నడిపించి ఉంటుందని నా ఊహ.

సోవియట్ దేశంలో స్కౌటు ఉద్యమం 1920లలోనే నిషిద్ధమైంది. హామ్‌లు మాత్రం ఉన్నారు. రాజకీయాలు మాట్లాడకుండా, వాతావరణమో ఏరియలు పొడవో మాట్లాడుకుంటూనే ఆ తెర దాటి పలకరించుకున్నారు. ప్రమాణం చేసిన సోదరత్వం ఆగిన చోట అభిరుచి సాగిందన్నమాట. ఒక సంఘం గోడలు ఎక్కడ ముగుస్తాయో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు.

మన దేశంలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ కూడా ఈ జాతరలో పాల్గొంటుంది. హామ్ పరీక్షకు తర్ఫీదునిచ్చే జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ 1983లో హైదరాబాదులోనే పుట్టింది. కనుక ఈ విద్య తెలుగువారి గుమ్మం ముందున్నదే.

1997లో దీనికి తోడుగా ఇంటర్నెట్ జాతర కూడా చేరింది. మీట నొక్కితే ముఖమే కనిపించే ఈ రోజుల్లో ఈ గరగర శబ్దాల పలకరింపు దేనికని అడిగేవారున్నారు. ఫోను చేసేవాడికి అవతల ఎవరున్నారో ముందే తెలుసు. సీక్యూ అని పిలిచేవాడు ఎవరు పలికినా సరేనంటాడు. పేరు తప్ప ఏమీ తెలియని మిత్రుల వ్యాఖ్యల కోసం ఎదురుచూసిన మన బ్లాగరులకు ఈ తేడా వివరించనక్కరలేదు.

ఏటా అక్టోబరు మూడవ వారాంతంలో ఈ జాతర జరుగుతుంది. మీ ఊళ్ళో హామ్ ఎవరైనా ఉంటే, పిల్లలను వెంటబెట్టుకొని ఒకసారి వారి తలుపు తట్టండి.

73.