తాత కాళ్ళకు గోనెపట్టాలు: డాంబరు సెగ తగ్గిన కథ

మా ఇంట్లో రోడ్డు పని అంటే ముందు గుర్తుకొచ్చేది డాంబరు వాసన. పాలమూరు నుంచి బొంబాయి వచ్చిన మా తాత ఆ పనికే పోయేవాడు. కాళ్ళకు గోనెపట్టాలు చుట్టుకుని, కట్టెల మంట మీద పీపాల్లో డాంబరు కాచేవాళ్ళట. సాయంత్రం నాయనమ్మ గుడ్డకు కిరోసిన్ అద్ది ఆయన చేతులు తుడిచేది. చేతుల నలుపు వదిలేది, దగ్గు మాత్రం వదల్లేదు. ఇక్కడి కామాఠీపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్ల. అందుకే రోడ్డు చరిత్రను మేము ఇంటి చరిత్రగానే చదువుకుంటాం.

డాంబరును అంతగా ఎందుకు కాచాలి? చల్లారితే చిక్కబడి కంకరకు పట్టదు. అందుకని మామూలు మిశ్రమాన్ని ప్లాంటులో సుమారు 150 నుంచి 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కలుపుతారు. పలచన చేయడానికి ఎక్కువగా సెగనే నమ్ముకునేవాళ్ళు.

1956లో ఇంకో దారి కనిపించింది. అమెరికాలో అయోవా స్టేట్ ప్రొఫెసర్ చాన్యి వేడి తారులోకి నీటి ఆవిరి పంపి నురగ తెప్పించారు. పాలు పొంగినట్టు తారు పొంగితే రాళ్ళకు తేలిగ్గా పట్టుకుంటుంది. 1968 నాటికి ఆస్ట్రేలియాలో మొబిల్ కంపెనీ ఆవిరికి బదులు చన్నీళ్ళు వాడే పద్ధతి తెచ్చింది.

1990లలో యూరప్‌లో ఈ ఆలోచన ముదిరింది. జర్మనీలో మైనం, నీటిని దాచుకునే జియోలైట్ పొడి కలిపి చూశారు. నార్వేలో నురగ పద్ధతి వచ్చింది. వేడి 20 నుంచి 40 డిగ్రీలు తగ్గింది. ఇంధనం ఆదా, 1997 క్యోటో ఒప్పందం, కూలీలు పీల్చే పొగ, మూడూ దీనికి కారణాలే. మనదేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో ఈ 'వార్మ్ మిక్స్'కు మార్గదర్శకాలు ఇచ్చింది.

ఆ మూడింటిలో పొగ సంగతే మాకు దగ్గరిది. రోడ్డు వేసేటప్పుడు లేచే తారు పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవి' అనే వర్గంలో పెట్టింది. మనవాళ్ళు డాంబరు అని ఒకే పేరుతో పిలిచిన బొగ్గు తారు ఇంకా ప్రమాదం. దాన్ని క్యాన్సర్ కారకమనే తేల్చారు. సెగ తగ్గితే పొగ తగ్గుతుంది, అయితే పూర్తిగా పోదు. పైగా కంకరలో తడి మిగిలితే తారు ఊడిపోతుంది. బొంబాయి వానల్లో ఇది చిన్న విషయం కాదు.

మొన్న మా సందు చివర గుంత పూడుస్తుంటే చూశాం. అదే పీపా, అదే కట్టెల మంట, కాళ్ళకు అవే గోనెపట్టాలు. సెగ తగ్గించే విద్య ప్లాంటు దాకా వచ్చింది, ఆ పీపా దాకా ఇంకా రాలేదు. మీ ఇంట్లో డాంబరు పనికి పోయిన పెద్దవాళ్ళుంటే, ఒకసారి పక్కన కూర్చుని అడగండి. వాళ్ళ మాట రాసి పెట్టండి.