పూటకూటి యింటినుండి హోటలు వరకు: లాల్‌దర్వాజా పరిసరముల భోజనశాలలు

తెలుగున ‘పూటకూడు’ అను మాట చాల పాతది. ఒక పూటకు వెలయిచ్చి తిను కూడు పూటకూడు. దానికి బహువచనము పూటకూళ్లు. దీనిని ‘పూటకూలి’ యని వ్రాయువారు కూలి శబ్దముతో ముడిపెట్టి పొరపడుచున్నారని నా యభిప్రాయము. క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఓరుగంటి వీథులలో తిరుగునపుడు, ఒక రూకకు రుచియైన భోజనము దొరకు గృహము ప్రసక్తికి వచ్చును. ఆ కావ్యము వినుకొండ వల్లభరాయనిదో శ్రీనాథునిదో యను వివాద మెట్లున్నను, అన్నమును వెలకు కొనుట ఆనాటి పాఠకునకు వింతగా తోచలేదనుటకు ఆ ప్రసక్తి చాలును.

అయితే 1591లో చార్మినారు చుట్టును వెలసిన హైదరాబాదునందు ఈ మాట నిలువలేదు. చార్మినారునకు దక్షిణమున, అరగంట నడకలో నున్న లాల్‌దర్వాజాయందు నేడు పూటకూటి యిల్లు ఎక్కడనని యడిగిన నవ్వుదురు. అచ్చట నున్నది ‘హోటలు’. బసకు గది లేకున్నను, రెండు బల్లలును ఒక చాయ పొయ్యియు నున్నను అది హోటలే. పాత మాట పోయి క్రొత్త మాట వచ్చుట కేవలము భాషావిషయము కాదు. వండువారును, తినువారును, కూర్చుండు పద్ధతియు మారినందుననే మాట మారినది.

పాతనగరపు వంటకము లన్నియు నిజాముల వంటశాలలనుండి వెలువడి వీథికి దిగినవను మాట తరచుగా వినబడును. ఇది సగము సత్యము. దమ్ము బిర్యానీ వంటివి జాగీర్దారుల విందులనుండి పెండ్లివంటల మీదుగా హోటలునకు చేరినవనుట సమంజసమే. కాని వీథి తిండి పేళ్లను విచారించినచో వేరొక చరిత్ర కానవచ్చుచున్నది. ‘నహార్’ అనగా అరబ్బీలో పగలు. రాత్రియంతయు సన్నసెగపై ఉడికి, తెల్లవారుజామున కుల్చాతో అమ్ముడుపోవు నహారీ, సూర్యుడు పొడుచుటకు ముందే పనికి పోవువాని ఆహారము. నవాబులకు అంత తెల్లవారి ఆకలి యేల? కుల్చా మాట వేరు. సూఫీ గురువైన నిజాముద్దీన్ ఔరంగాబాదీ పెట్టిన కుల్చాలలో నిజాముల్‌ముల్కు ఏడు తినెననియు, కనుకనే ఆ వంశమున ఏడు తరములు ఏలిరనియు ఐతిహ్యము కలదు. ఆసఫ్‌జాహీ పతాకమునందలి గుండ్రని చిహ్నము కుల్చాయే యని చెప్పుదురు. ఐతిహ్యముగానే గ్రహించినను ఒక్కటి గమనింపదగినది: రాజచిహ్నమైన ఆ రొట్టె రాజు పెట్టినది కాదు, ఫకీరు పెట్టినది.

హలీము చరిత్ర ఇంతకంటె విపులము. అరబ్బీలో దంచుట యను అర్థముగల ధాతువునుండి ‘హరీస్’ శబ్దము పుట్టినది. 10వ శతాబ్దిలో బాగ్దాదునందు అల్ వర్రాక్ కూర్చిన పాకశాస్త్రగ్రంథమునందే హరీసా కలదు. గోధుమలును మాంసమును కలిపి గంటలకొలది ఉడికించి కొయ్యరోకళ్లతో మెదపుట దీని పద్ధతి. హైదరాబాదునకు ఇది వచ్చిన త్రోవ హద్రమౌతు అరబ్బులది. నిజాము కొలువులో సైనికులుగా చేరిన వారి నివాసమే నేటి బార్కస్. ‘బ్యారక్స్’ అను ఆంగ్లపదము జనుల నోట అట్లు మారినది. ఏడవ నిజాము కాలమున సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగు తన విందులలో వడ్డించి దీనికి ప్రసిద్ధి తెచ్చెనందురు. ప్రభువు ప్రసిద్ధి తెచ్చెననుట ఒప్పుకొనవచ్చును. కాని రంజాను మాసమున వీథులలో ఇటుకల బట్టీలు కట్టి, పెద్ద దేగులలో రేయింబవళ్లు రోకళ్లు ఆడించి, దానిని సామాన్యునికి అందుబాటు చేసినవారు పేరు తెలియని వంటవారు. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. లాల్‌దర్వాజాకు చేరువనున్న షాలిబండలో షాగౌస్, పిస్తాహౌస్ అను హోటళ్ల ముందర రంజాను సాయంకాలములందు నిలుచు జనసమూహమే ఆ శ్రమకు తార్కాణము.

ఇరానీ హోటలు దీని కన్న సాంఘికముగా గొప్ప మార్పు. 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది తొలిపాదమునను ఇరాను దేశమునుండి, ముఖ్యముగా యజ్దు ప్రాంతమునుండి, బొంబాయి మీదుగా వచ్చినవారు పాలరాతి బల్లలు వేసి చాయ అమ్మిరి. పూటకూటి యింట కులము నడుగక వడ్డింపరు. ఇచ్చట చాయకు వెల యడిగిరి, కులము నడుగలేదు. ఒక కప్పును ఇద్దరు పంచుకొనినను కాదనలేదు.

నష్టమును లేకపోలేదు. పూటకూళ్లు స్త్రీకి జీవనాధారములు. గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మ వితంతువై, తన వంటపై తాను బ్రతుకుచు, మోసగానికి చీపురు చూపగల స్త్రీ. దేగు పొయ్యి పురుషునిది, బల్లయొద్ద పైకము తీసుకొనువాడు పురుషుడు. హోటలు వచ్చి కులమును వాకిట నిలిపినది గాని, పూటకూళ్లమ్మను గూడ వాకిటనే నిలిపినది. సాంఘికచరిత్రకారులు మొదటిదానిని మెచ్చుకొనుచు రెండవదానిని మరచుచున్నారు.

లాల్‌దర్వాజా పేరు తెలుగువారికి తెలిసినది హోటళ్లవలన గాక సింహవాహిని మహాకాళి బోనములవలన. భోజనశబ్దభవమే బోనము. ఆషాఢమున స్త్రీలు తమ యింట క్రొత్త కుండలో అన్నము వండి, వేపరెమ్మలు చుట్టి, పైని దీపముంచి, తలపై మోసికొని పోవుదురు. దానికి వెల లేదు. ఘటము ఊరేగింపు మాత్రము చార్మినారు మీదుగా మూసీ వైపు హోటళ్ల వరుసల నడుమనే సాగును. ఆ దినమున ఊరేగింపు వెంట వచ్చినవారు చాయకు నిలుచునది ఆ హోటళ్ల ముందరనే.