కుంతాల దారిలో మనం ఆగకుండా దాటేసే చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో ఒక చలికాలం రోడ్ ట్రిప్ ముచ్చట చెప్తా. జల్‌పల్లి నుంచి కుంతాల జలపాతం, అక్కడి నుంచి ఇంద్రవెల్లి. నేను బయల్దేరింది రీల్ కోసం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం నా దగ్గర ఒక లెక్క మిగిలింది. ఆ లెక్కేందో చివర్లో చెప్తా.

పోయిన జనవరి. తెల్లారి ఐదున్నరకు జల్‌పల్లి చెరువు మీద మంచు ఎట్లా పడ్డదంటే, పహాడీ షరీఫ్ గుట్ట కూడా కనిపించలే. స్టీరింగ్ మీద మా చిన్నాయన. ఆయన ఇరవై ఏండ్లు నాగ్‌పూర్ లైన్‌లో లారీ నడిపిండు. అవుటర్ ఎక్కి మేడ్చల్ దగ్గర దిగితే నేషనల్ హైవే 44. మన పెద్దోళ్ళు ఇంకా దీన్ని సెవెన్ నంబర్ రోడ్డు అనే అంటరు. ఎందుకంటే పాత నంబర్ అదే. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు అది.

నంబర్లు రాకముందు నుంచీ ఇది కాశీకి పోయే బాట. 1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య అనే ఆయన మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిండు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ, అంటే అనువాదకుడు. పల్లకీలో, పరివారంతో పదిహేను నెలలకు పైగా తిరిగిండు. హైదరాబాద్ దాటి, నిర్మల్ మీదుగానే నాగ్‌పూర్ వైపు పోయిండు. ఏ ఊళ్ళో దిగడానికి చోటుంది, ఎక్కడ నీళ్ళు దొరుకుతయి, ఎక్కడ అంగళ్ళున్నయి, దారి ఎట్లుంది, అన్నీ రాసుకున్నడు. మనం ఇప్పుడు మ్యాప్‌లో రివ్యూలు రాస్తం కదా, అట్లన్నమాట. ఆ రాతలు 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. తెలుగులో తొలి యాత్రా పుస్తకాల్లో అదొకటి.

గోదావరి దాటితే నిర్మల్. ఊరి చుట్టూ కోటలు, బురుజులు. పొనికి చెక్కతో బొమ్మలు చేసే ఊరు. ఆ చెక్క ఎంత తేలికంటే, చేతిలో పెడితే బరువే తెలియదు. చింతగింజల జిగురుతో ముక్కలు అతికించి రంగులేస్తరు. నేను ఒక జామపండు బొమ్మ కొన్న, చిన్నాయన నిజం పండనుకుని వాసన చూసిండు!

అయితే నిర్మల్‌కు ఇంకో కథ ఉంది. 1857 తిరుగుబాటు అనంగనే మనకు ఢిల్లీ, ఝాన్సీ, మహా అయితే కోఠి రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ గుర్తొస్తడు. ఆ మంట నిర్మల్ అడవులకు కూడా అంటుకుంది. రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రోహిల్లాలు కలిసి బ్రిటిష్, నిజాం సైన్యాలతో కొట్లాడినరు. 1860లో రాంజీని, ఆయన మనుషులను నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరి తీశారు. జనం ఆ చెట్టుకు పెట్టిన పేరు 'వెయ్యి ఉరుల మర్రి'. ఇప్పుడు ఆ చెట్టు లేదు. పేరు మాత్రం ఉంది.

ఇది చెప్తే చిన్నాయన బండి పక్కకు ఆపిండు. "ఇరవై ఏండ్లు ఈ ఊళ్ళె చాయ్ తాగినరా. ఒక్కరన్న చెప్పలే" అన్నడు. కొద్దిసేపు ఏం మాట్లాడలే. నాకైనా బళ్ళో ఎవరు చెప్పిండ్రు?

నేరడిగొండ దగ్గర హైవే దిగి కుంతాల పోయినం. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దుంకుతది. తెలంగాణలో ఎత్తైన జలపాతంగా దీనికి పేరు. జనవరిలో ధార సన్నబడతది, కానీ రాళ్ళు, మెట్లు మెట్లుగా దిగే నీళ్ళు మస్తు కనిపిస్తయి. ఇదే వాగు మీద పైన పొచ్చెర జలపాతం ఉంది. దయచేసి ఒక్క మాట వినండి: కింద గుండాలు లోతు, రాళ్ళు పాకుడు. ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళున్నరు. ఫోటో ఒడ్డు మీద నుంచే తీయండి.

రీల్ అయిపోయింది. ఇంటికి మర్లొచ్చు. చిన్నాయనే అన్నడు, "ఇంత దూరం వచ్చినం, ఇంద్రవెల్లి పోదాం పా" అని.

ఇచ్చోడ దాటి, గుడిహత్నూర్ దగ్గర కుడికి మలిగినం. ఇంద్రవెల్లిలో ఎర్రటి స్తూపం. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూమి సమస్యల మీద గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంటే అనుమతి ఇవ్వలేదు. అయినా గోండులు వచ్చినరు. పోలీసులు కాల్పులు జరిపినరు. ప్రభుత్వం చనిపోయినవాళ్ళు 13 మంది అన్నది. పౌరహక్కుల సంఘాలు అరవై దాకా అన్నయి.

వాళ్ళు ఎందుకొచ్చినరో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలె. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసుకుంటూ పోయినరు. తరాలుగా సాగు చేసుకునేటోళ్ళు ఒక్కసారిగా ఆక్రమణదారులైనరు. పట్టాలేమో బయటి నుంచి వచ్చినోళ్ళ పేర్ల మీదికి పోయినయి. దీని మీద కొమరం భీము తిరగబడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిండు. ఆ తర్వాతే నిజాం సర్కారు గోండుల గోస తెలుసుకోవాలనుకున్నది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ వాళ్ళ మధ్య ఉండి పని చేసిండు. వేల కుటుంబాలకు పట్టాలొచ్చినయి. ఆయన భార్య బెట్టీ సమాధి, ఆయన సమాధి రెండూ మార్లవాయి ఊళ్ళోనే ఉన్నయి. 1970లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం వచ్చింది. అయినా పదకొండేండ్లకే ఇంద్రవెల్లి జరిగిందంటే, కాగితం మీది చట్టం పొలం దాకా రాలేదన్నట్టే కదా.

అక్కడికి దగ్గర్లోనే కేస్లాపూర్. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశస్తులు గోదావరి నీళ్ళు కాలినడకన మోసుకొచ్చి పూజ చేస్తరు. 1940ల నుంచి జాతరలో దర్బారు కూడా నడుస్తది, అధికారులు వచ్చి గిరిజనుల సమస్యలు వింటరు. పెద్ద పండుగలో ఫిర్యాదుకు కూడా ఒక చోటు ఉండటం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు ఆ లెక్క. నిర్మల్‌లో జనం 'వెయ్యి' అని చెట్టు పేరులోనే దాచుకున్నరు. ఇంద్రవెల్లిలో సర్కారు లెక్క 13. ఒకటి జనం నోట్లో బతికింది, ఇంకోటి ఫైల్లో ఉంది. ఎవరు లెక్క పెడుతున్నరు అనేదాన్ని బట్టి చచ్చిపోయినోళ్ళ సంఖ్య మారుతుంటే, చరిత్ర చదివేటప్పుడు మనం మొదట అడగాల్సింది అదే: ఈ అంకె ఎవరిది?

తిరుగు ప్రయాణంలో చిన్నాయన నిర్మల్‌లో మళ్ళీ బండి ఆపిండు. అదే హోటల్, అదే చాయ్. ఈసారి పక్క టేబుల్ పిల్లలకు రాంజీ గోండు గురించి ఆయనే చెప్పుడు షురూ చేసిండు.

మీరు కుంతాల పోతే ఇంద్రవెల్లికి ఒక గంట ఎక్కువ పెట్టుకోండి. మీ ఊరి పక్కన ఇట్లాంటి చెట్టో, స్తూపమో ఉంటే కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!