పోయినచోటే వెతుక్కోవాలా?

వ్యాపారంలో దెబ్బతిన్నవాడికి మా గోదావరి ప్రాంతంలో పెద్దలు చెప్పే ఓదార్పు మాట ఒకటుంది: పోయినచోటే వెతుక్కోవాలి. చిన్నప్పటినుంచీ వింటున్నాను కాబట్టి అది వివేకమనే నమ్మాను. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ఇటీవలి చరిత్రను తిరగేసిన కొద్దీ మాత్రం, నష్టపోయిన మనసు తనను తాను సమర్థించుకోవడానికే చాలాసార్లు ఆ మాటను వాడుకుంటుందని అనిపిస్తోంది.

ముందుగా గూడెం సంగతి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు ముఖ్యంగా రెండు దిక్కులనుంచి సరుకు వస్తుంది. కర్నూలు ఖరీఫ్ ఉల్లిలో తడి ఎక్కువ, నిల్వకు ఆగదు. మహారాష్ట్ర రబీ ఉల్లి గాలి తగిలేలా ఉంచితే నెలల తరబడి ఆగుతుంది. కర్నూలు సరుకు కొన్నవాడికి ధర పడిపోయిన రోజున బాధపడే తీరిక కూడా ఉండదు. ఇవాళ కొద్ది నష్టానికి అమ్మకపోతే రేపు బస్తా అడుగున నీరు కారుతుంది. నష్టం చిన్నదిగా ఉన్నప్పుడే ఒప్పుకోవాలన్న పాఠాన్ని ఆ సరుకే నేర్పుతుంది. నిల్వ ఉండే సరుకు ఈ పాఠం నేర్పదు. సరుకు ఆగుతుంది కాబట్టి మనసూ ఆగమంటుంది.

ఆగినవాడు గెలిచిన సందర్భాలూ లేకపోలేదు. 2019 సెప్టెంబరు 29న కేంద్ర ప్రభుత్వం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. అయినా అకాల వర్షాలకు పంట దెబ్బతినడంతో ఆ డిసెంబరులో చాలా నగరాల్లో చిల్లర ధర కిలో 100 రూపాయలు దాటింది. 2023 డిసెంబరు 8న మళ్ళీ నిషేధం విధించినప్పుడు టోకు ధరలు పడిపోయాయి. ఉత్తర్వు ఒకటే, ఫలితాలు రెండు. మొదటిసారి ఆగి గెలిచినవాడికి రెండవసారీ ఆగడమే తెలివిగా తోచడంలో వింత లేదు. ఆ గెలుపులో తన లెక్క ఎంత, వాన చలవ ఎంత అని ప్రశ్నించుకునేవారు అరుదు.

ఇక రొయ్య. 1990ల తొలినాళ్ళలో టైగర్ రొయ్య కోస్తాలో ఎన్నో వరిచేలను చెరువులుగా మార్చింది. 1994లో తెల్లమచ్చల వైరస్ వచ్చింది. దానికి మందు లేదు. కళకళలాడిన చెరువు రోజుల వ్యవధిలో ఖాళీ అయ్యేది. అయినా, పోయిన పంట అప్పును వచ్చే పంటలో రాబట్టుకోవాలని మళ్ళీ పిల్లను వదిలినవారు ఎందరో. వారు నీటిని చూసి కాదు, వడ్డీని చూసి ఆ నిర్ణయం తీసుకున్నారు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక రొయ్యల సాగు తిరిగి లేచింది నిజమే. "చూశారా, పోయినచోటే దొరికింది" అనేవారున్నారు. కానీ ఆ వచ్చిన జాతి వేరు, పిల్లను తెచ్చే పద్ధతి వేరు, నియమాలు వేరు. పైగా మధ్యలో పదిహేనేళ్ళు గడిచాయి. అంతకాలం అప్పులవాళ్ళు ఆగరు.

కొల్లేటిలో ఇదే మరో రూపంలో కనబడుతుంది. 1999 అక్టోబరులో ప్రభుత్వం అయిదో కాంటూరు దిగువనున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాకెక్కింది. అయినా చేపల చెరువులు కొనసాగాయి. 2006లో గట్లు తెగ్గొట్టేదాకా సాగాయి. వేరే బతుకుతెరువు లేని మత్స్యకారుల కష్టాన్ని నేను ఈ లెక్కలో కలపడం లేదు. చెరువులు గుత్తకు తీసుకున్న పెట్టుబడిదారుల మాటే చెబుతున్నాను. హద్దు కాగితం మీద కనబడుతూనే ఉంది. "ఇంత పెట్టాక వదిలేయడమా?" అన్న ఒక్క ప్రశ్న దానిని కనబడనివ్వలేదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. 17వ శతాబ్దంలో మచిలీపట్నంలో, పాలకొల్లులో బట్టలు కొన్న డచ్చి కంపెనీ వాటాలే ఆమ్‌స్టర్‌డామ్ బజారులో చేతులు మారేవి. ఆ బజారు గురించి జోసెఫ్ దె లా వేగా 1688లో ఒక పుస్తకం రాశాడు. షేర్ల మార్కెట్టు మీద వచ్చిన తొలి గ్రంథంగా దానిని చెబుతారు. చేజారిన లాభానికి వగవకూడదన్నది అందులోని సలహాల్లో ఒకటి. సుమారు మూడు వందల ఏళ్ళ తరువాత, 1979లో, డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ దీని మూలాన్ని వివరించారు: వంద రూపాయలు వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ చాలా ఎక్కువ. 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ దీని పర్యవసానాన్ని చూపారు. లాభంలో ఉన్నదాన్ని తొందరపడి అమ్ముతాము, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకు వేలాడతాము.

నా సంగతీ చెప్పాలి. కొన్న ధరకు వస్తే అమ్మేద్దామని ఏళ్ళ తరబడి ఉంచుకున్న షేరు నాకూ ఒకటుండేది. ఆ కొన్న ధర నాకు తప్ప లోకంలో మరెవరికీ గుర్తులేదని తెలుసుకోవడానికి ఇంత చరిత్ర చదవవలసి వచ్చింది.

మన పాత వ్యాపారులు చిట్టా, ఆవర్జా రాసేవారు. వాటిలో రూపాయలుండేవి, భయాలుండేవి కావు. నేను నా చిట్టాలో అదనంగా ఒక గడి గీసుకున్నాను. కొన్ననాడు, అమ్మిననాడు నా మనసు ఎలా ఉందో ఒక్క మాటలో రాస్తాను. పక్కనే ఒక ప్రశ్న: ఈ సరుకు ఇవాళ నా దగ్గర లేకపోతే, ఈ ధరకు కొంటానా? ఏడాది తరువాత తిరగేస్తే, నష్టం వచ్చిన మర్నాడు చేసిన ప్రతి కొనుగోలు పక్కనా ఒకటే మాట కనబడింది: కసి. పోయినచోట నేను వెతికింది డబ్బును కాదు, పోయిన నా పరువును.

ఆ షేరును పోయిన నెల నష్టానికే అమ్మేశాను. రేపు అది పెరిగితే, ఆనాటి గడిలో ఏం రాస్తానో చూడాలి.