తళ్ళికోట బల్ల మీద గద్దారీ పాసా

షత్రంజ్‌లో ప్యాదాకు భయం ఉండదు. ఎదురుగా హాథీ వచ్చినా, పక్కన ఘోడా చచ్చినా తన ఖానాలో తను నిలబడే ఉంటుంది. పారిపోదు. తన్ఖా అందలేదని అలగదు. అవతలి బాద్షా కొలువుకు ఫిరాయించదు. పైగా బిసాత్ మొత్తం ఇద్దరి కళ్ళ ముందే పరిచి ఉంటుంది. అసలు జంగ్‌లో వీటిలో ఒక్కటీ నిజం కాదు. అందుకే ఫౌజీలకు షత్రంజ్ ఎంత ఇష్టమైనా దాంతో పని నేర్చుకోవడం కుదరలేదు.

ఈ లోటును గట్టిగా పట్టించుకున్నవాళ్ళు ప్రష్యావాళ్ళు. 1812లో ఫాన్ రైస్విట్జ్ అనే అధికారి కొండలూ నదులూ అమర్చుకునే పెద్ద బల్ల ఒకటి చేయించి తమ రాజుకు నజరానాగా ఇచ్చాడు. 1824లో ఆయన కొడుకు, తోప్‌ఖానాలో లెఫ్టినెంట్, ఆ ఆటను నక్షా మీదికి తెచ్చాడు. ఎరుపు ముక్కలు ఒక ఫౌజు, నీలం ముక్కలు ఇంకొకటి. మధ్యలో ఒక మున్సిఫ్. ఆడేవాడు తన హుకుం చీటీ మీద రాసి ఆయన చేతికివ్వాలి. దుష్మన్ ఎక్కడున్నాడో మున్సిఫ్ చెప్పినంతవరకే తెలుస్తుంది. తోపు పేలితే ఎందరు పడ్డారో పాసా వేసి చూస్తారు. అంటే కిస్మత్‌కు కూడా బల్ల దగ్గర ఒక కుర్సీ వేశారన్నమాట. ఫౌజు పెద్ద ముఫ్లింగ్ ఆటను చూసి, దీన్ని జంగ్ తాలీమ్‌గా లెక్కవేసి మొత్తం ఫౌజుకు సిఫారసు చేశాడు. అంతటి ఆటకు రూపం ఇచ్చిన ఆ లెఫ్టినెంట్ 1827లో తనను తానే కాల్చుకుని చనిపోయాడు.

ఫౌజీల చేతినుంచి ఆటను మామూలు జనం ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది హెచ్.జి. వెల్స్‌ను. 1913లో ఆయన 'లిటిల్ వార్స్' అనే కితాబు వేశాడు. సీసం సిపాయిలు, స్ప్రింగుతో చెక్క గుండు విసిరే బొమ్మ తోపు, ఇంటి గచ్చు మైదానం. అసలు జంగ్ కంటే ఈ చిన్న జంగే మేలని ఆయన వాదన. ఏడాది తిరిగేసరికి అసలుది రానే వచ్చింది. ఖైర్. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' రాశాక ఇంగ్లాండ్‌లో ఈ షౌక్ బాగా పాకింది, క్లబ్బులు పెరిగాయి.

అట్లాంటి ఒక క్లబ్బులోనే నేనూ ఆడాను. మా ఖాలా కొడుకు గుంటూరు నుంచి పోయి బర్మింగ్‌హామ్‌లో స్థిరపడ్డాడు. ప్రతి గురువారం సాయంత్రం చర్చి హాలు ఒకటి కిరాయికి తీసుకుని పదిపన్నెండు మంది దోస్తులు చేరతారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. పచ్చ గుడ్డ పరిస్తే మైదానం, నీలం పట్టీ వేస్తే నది. సిపాయి 15 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే బొటనవేలి గోరంత. నలుగురైదుగురిని ఒక అట్టముక్క మీద అతికిస్తారు, అదొక దళం. కొలవడానికి టేపు, తేల్చడానికి పాసాలు. ఒక ఫౌజుకు రంగులు వేయడానికి నెలలు పడుతుంది. అందుకే గెలిచినవాడికంటే మంచిగా రంగులు వేసినవాడికే అక్కడ ఇజ్జత్ ఎక్కువ.

ఈసారి తళ్ళికోట ఆడదామన్నాడు మావాడు. 1565 జనవరి 23, కృష్ణకు దక్షిణాన, రక్కసతంగడి మైదానం. ఒకవైపు అళియ రామరాయలు. ఇంకోవైపు అహ్మద్‌నగర్ హుసేన్ నిజాం షా, బీజాపూర్ అలీ ఆదిల్ షా, గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా, బీదర్ బరీద్. క్లబ్బులో రిటైరైన హిస్టరీ టీచరు ఒకాయన నావైపు చూసి, మీరు సుల్తాన్ల పక్షమే కదా అన్నాడు. పాపం, మర్యాదకే అన్నాడు. ఈ ఆటకు వాడే పేరున్న ఆర్మీ లిస్టుల్లోనూ 'హిందూ ఇండియన్', 'ముస్లిం ఇండియన్' అనే రెండు ఖానాలే కనిపిస్తాయి. నేను రామరాయల పక్షం తీసుకున్నాను.

ఇక్కడే అసలు మజా. ఎవరి ఫౌజులో ఎవరున్నారో రాయకుండా సిపాయికి రంగు వేయలేవు. రాయడం మొదలుపెట్టామో లేదో ఆ రెండు ఖానాలూ పగిలిపోయాయి. 1535లో బీజాపూర్ సుల్తాను తన కొలువులోని విదేశీ ముస్లిం సిపాయిలను బర్తరఫ్ చేస్తే, వాళ్ళలో దాదాపు 3,000 మందిని పెట్టుకున్నది రామరాయలే. అంతకు నూరేళ్ళ ముందు రెండో దేవరాయలు ముస్లిం విలుకాళ్ళను కొలువులో చేర్చుకుని, వాళ్ళు సలాం చేయడానికి ఇబ్బంది పడకుండా తఖ్తు ముందు ఖురాన్ పెట్టించాడని ఫెరిష్తా రాశాడు. అటు గోల్కొండలో ఇబ్రహీంను 1550లో తఖ్తు ఎక్కించడానికి నిలబడ్డది నాయక్‌వారీలు, అంటే మన తెలుగు కాల్బలం. ఆ ఇబ్రహీం అంతకుముందు ఏడేళ్ళు పనాహ్ తీసుకున్నది రామరాయల దగ్గరే. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నది ఈయననే. అలీ ఆదిల్ షా అయితే కొన్నేళ్ళ ముందే రామరాయలను వెంటబెట్టుకుని ఇదే హుసేన్ నిజాం షా మీదికి పోయినవాడు. వాళ్ళిద్దరినీ కలిపింది నికాహ్. హుసేన్ కూతురు చాంద్ బీబీ ఆదిల్ షాకు బీవీ అయింది, జహేజ్‌లో సోలాపూర్ కోట వచ్చింది.

టీచరు ఇదంతా ఓపిగ్గా విని, మరి గద్దారీ సంగతేమిటి అన్నాడు. రామరాయల దగ్గరి ఇద్దరు ముస్లిం సర్దార్లు జంగ్ మధ్యలో ఫిరాయించారనే మాట. అది రాసింది సీజర్ ఫెడరిసి అనే వెనిస్ తాజిర్. 1567లో ఆయన విజయనగరంలో ఉన్నాడు, విన్నది రాశాడు. ఫెరిష్తాలో ఆ మాట లేదు. అయితే ఆయన బీజాపూర్ దర్బారులో కూర్చుని రాసినవాడు, తన పక్షం గద్దారీతో గెలిచిందని ఎందుకు రాస్తాడు? రెండు గవాహీలూ లోటు గవాహీలే. కానీ ఈ రోజు వాట్సాప్‌లో తిరిగేది మొదటిదొక్కటే, అదీ నాలుగున్నర శతాబ్దాల తర్వాత మా గల్లీలో కూరగాయలమ్ముకునేవాడి మీదికి ఇల్జామ్‌గా.

ఆ ఇద్దరు సర్దార్ల దళాలకు ఒక పాసా పెడదాం, ఒకటి పడితే అటు తిరుగుతారు, ఇది టీచరు సలహా. నేను ఒప్పుకోలేదు. పెడితే అందరికీ పెట్టాలన్నాను. ఆదిల్ షాకు పెట్టండి, కుతుబ్ షాకు పెట్టండి, రామరాయల నాయకులకూ పెట్టండి. ఎవరికి తక్కువ కారణాలున్నాయి? గంటసేపు బహస్ నడిచింది, చాయ్ చల్లారింది. చివరికి ఒక పాత రూలు పుస్తకమే ఫైసలా చేసింది. అందులో నమ్మకం లేని మిత్రుడికి రూలు ఉంది. తొలి పాసాలో ఒకటి పడిన మిత్ర సర్దారు ఎవరైనా సరే అనుమానపు మనిషే. మజహబ్ కాలమ్ లేదు.

మొదటి బాజీలో ఆ ఒకటి ఆదిల్ షాకు పడింది. బీజాపూర్ కదలకుండా నిలబడిపోయింది, నేను గెలిచాను. రెండో బాజీలో ఎవరికీ పడలేదు. ఫెరిష్తా చెప్పినట్టే హుసేన్ తన తోపులకు అడ్డంగా రెండు వేలమంది విలుకాళ్ళను నిలిపాడు. నా గుర్రాలు దగ్గరికి వచ్చాక వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. చలబీ రూమీ ఖాన్ తోపుల్లో రాగి నాణేల సంచులు కూరి కాల్చిన ఘట్టానికి మావాడు వరుసగా మూడు ఆర్లు వేశాడు. పల్లకీలో ఉన్న రాయలు చిక్కాడు. సర్దారు పోతే మిగిలిన ప్రతి దళం హౌస్లా పాసా వేయాలి. సగం మైదానం ఖాళీ అయింది. ఒక్క గద్దార్ కూడా లేకుండా ఓడిపోయాను. బల్ల గవాహీ కాదు, నాకు తెలుసు. కానీ గద్దారీ లేకపోతే ఆ ఓటమి అర్థం కాదనేవాళ్ళు ఒకసారి ఆ తోపుల ముందు గుర్రాలను పెట్టి చూడాలి.

మావాడి పన్నెండేళ్ళ కొడుకు అంతసేపూ బల్ల అంచున గడ్డం ఆనించి చూస్తున్నాడు. "మన ఫౌజ్ ఏది చాచా?" అన్నాడు. గోల్కొండ వైపు నాయక్‌వారీలను చూపించి, వీళ్ళది మన జబాన్ అన్నాను. రాయల వైపు దక్కనీ సవార్లను చూపించి, వీళ్ళది మన నమాజ్ అన్నాను. వాడు రెండువైపులా చూశాడు. డబ్బాలో రెండే రంగులు తీసిపెట్టి ఉన్నాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి కాషాయం.

"మరి వీళ్ళ తలపాగాలకు ఏది వెయ్యాలి?"

తెల్ల రంగు డబ్బా కోసం మావాడు కారు దగ్గరికి పోయాడు.