నోటిపూత మాటున

నోటిపూత: పూత అంటే పైన పూసినట్టుండే పొర. వాడుకలో మాత్రం పొరకూ, పుండుకూ, కారం తగిలితే భగ్గుమనే ఎర్రదనానికీ ఇదే మాట. "వేడి చేసింది" అని మజ్జిగ తాగి, మందుల షాపులో బీ-కాంప్లెక్స్ కొనుక్కునేదీ దీనికే. ఆరోగ్యవంతులకు చాలాసార్లు వారం పది రోజుల్లో మానిపోతుంది. కీమోథెరపీలో ఉన్నవారికీ, హెచ్.ఐ.వి. ఉన్నవారికీ, షుగరు అదుపు తప్పినవారికీ ఈ ఒక్క మాట చాలదు.

కాండిడా ఆల్బికన్స్: లాటిన్‌లో మొదటిది తెలుపు, రెండోది తెల్లబడుతున్నది. పేరు పెట్టినవారికి పునరుక్తి దోషం పట్టినట్టు లేదు. ఈ శిలీంధ్రం చాలామంది నోట్లో ఊరకే పడి ఉంటుంది. ఒంట్లో కాపలా తగ్గితే విరిగిన పాల తరకల్లా నాలుకకూ బుగ్గల లోపలికీ పట్టేస్తుంది. గాజ్ గుడ్డతో తుడిస్తే ఊడి, అడుగున ఎర్రగా కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించమనేది దీని భయంతోనే. ఎయిడ్స్‌గా తర్వాత పేరుపడ్డ జబ్బుపై మొదటి నివేదిక అమెరికాలో 1981 జూన్ 5న అచ్చయింది. లాస్ ఏంజెలెస్ యువకులు ఐదుగురి నిమోనియా అందులో అసలు విషయం; ఐదుగురికీ కాండిడా ఉందని కూడా రాశారు.

హెయిరీ ల్యూకోప్లేకియా: వెంట్రుకలేమీ ఉండవు. నాలుక పక్క అంచుల్లో తెల్లటి ముడతలు లేస్తాయి, అంతే. తుడిస్తే పోవు. 1984లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు వర్ణించారు. కారణం ఎప్‌స్టీన్-బార్ వైరస్. ల్యూకోప్లేకియా అనగానే పొగాకు, క్యాన్సరు గుర్తొస్తాయి గానీ ఇది ఆ దారి పట్టదు. నొప్పీ ఉండదు. అయినా ఇది కనిపిస్తే హెచ్.ఐ.వి. పరీక్ష తప్పదు.

కపోసి సార్కోమా: అంగిలి మీద ఊదారంగు మచ్చ. వియన్నా వైద్యుడు కపోసి 1872లో వర్ణించాడు. దాని వెనకున్న వైరస్ 1994లో గానీ దొరకలేదు.

బ్లాక్ ఫంగస్: 2021లో కోవిడ్ తర్వాత తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన పేరు. నలుపు శిలీంధ్రానిది కాదు. అది రక్తనాళాల్లోకి చొరబడి దారి మూసేస్తే, రక్తం అందని అంగిలి చచ్చి నల్లబడుతుంది. రక్తం చేరని చోటికి మందూ చేరదు. అందుకే ఆ భాగాన్ని కోసి తీస్తారు.

ఎర్రటి అంచు: నోటి పుండు చుట్టూ మామూలుగా ఉండేది. దాన్ని తెచ్చే వాపులో తెల్ల రక్తకణాలదే పెద్ద పాత్ర. కీమోతో అవి పడిపోయినవారికి లోతైన పుండుకు కూడా ఎరుపు ఉండకపోవచ్చు, చీమూ పట్టకపోవచ్చు. చూడ్డానికి నెమ్మదిగానే ఉందని ఇంట్లో ఊరుకుంటారు. ఒళ్లు కాస్త వెచ్చబడినా, ఆ రాత్రికే ఆసుపత్రికి వెళ్లాల్సిన పుండు అది.